ముప్పై ఒక్క కొమ్మలు

2007 జనవరి 8, సోమవారం

మా ఓనరు సారు బసవపున్నయ్య గారు కొత్త సంవత్సరానికి రెండు డైరీలు ఇచ్చారు. అట్ట మీద మన కంకర మిషన్ ఫోటో ఉంది, దాని చుట్టూ పచ్చని చెట్లున్నాయి. చెట్లు ప్రింటింగ్ ప్రెస్ వాడు సొంతంగా కలిపినట్టున్నాడు. ఒక డైరీ నీళ్లు చల్లిన వివరం రాయడానికి, రెండోది "నీ ఇష్టం" అన్నారు. ఇది రెండోది.

పొల్యూషన్ వాళ్ల నోటీసు వచ్చింది. దుమ్ము లేవకుండా రోజుకు ఆరుసార్లు నీళ్లు చల్లాలట. నిరుడు నాటామని మేమే ఉత్తరం రాసిన నాలుగు వందల చెట్లు చూపించాలట. క్వారీ గుంతలోంచి మోటారుతో తోడే నీళ్లను రెండు తొట్లలో నిలబెట్టి, రాతిపొడి అడుక్కి దిగాకే రాళ్లవాగులోకి వదలాలట. అన్నిటికీ రిజిస్టర్ ఉండాలి, బాధ్యుడు ఒకడుండాలి. ఫిబ్రవరి అయిదున చూడడానికి వస్తారు. సరిగా లేకపోతే మిషన్ బంద్.

బాధ్యుణ్ని నేను. "ఎవరిదో ఒకరి పేరుండాలి కదయ్యా రామ్‌చందర్. నువ్వు బీఎస్సీ చదివావు" అన్నారు. నాది జువాలజీ అని గుర్తు చేశాను. "చెట్లకీ జంతువులకీ ఏమంత తేడా" అన్నారు. రేకు మీద నా పేరు రాయించి ఆఫీసు తలుపుకి కొట్టించారు: పర్యావరణ ఇన్‌ఛార్జ్.

మా తండాలో రేకు మీద పేరున్న మొదటి మనిషిని నేనే. ఇంటికెళ్లి జమ్లితో చెప్పాను. జీతం పెరిగిందా అని అడిగింది. నా భార్యకు పెద్ద విషయాలు వెంటనే అర్థం కావు.

జనవరి 9

నిరుటి జూన్ నుంచి డిసెంబర్ దాకా నీళ్లు చల్లిన లెక్క ఒక్కరోజులో పాత నోట్‌బుక్కులో నింపాను. నాలుగు పెన్నులు మార్చాను. వానపడ్డ రోజుల్లో "వర్షం, చల్లలేదు" అని రాశాను. అలా రాస్తే మిగతాది నమ్మకంగా ఉంటుంది.

ట్యాంకర్ సెప్టెంబర్ నుంచి ఇటుకల మీద ఉంది. దాని టైర్లు టిప్పర్‌కు వేశారు. అది రిజిస్టర్లో రాసే విషయం కాదు.

జనవరి 10

నీళ్లు ఆరుసార్లు చల్లాం.

(ఇది ఆ డైరీలో రాయాల్సింది. అలవాటులో ఇక్కడ రాశాను.)

జనవరి 12

వాగులో నీళ్లు పాలలాగా ఉన్నాయని జమ్లి అంటోంది. బోరింగ్ నీళ్లు తుప్పు వాసన కాబట్టి మా తండా మొత్తం వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లే తాగుతుంది. మాకు పైన కోయగుంపు (కోయల ఊరు) వాళ్ల చెలమలు, వాళ్లకు పైన మా మిషన్.

"గిట్ల తెల్లగ ఎందుకొస్తున్నయ్" అంది.

"వాగుల సున్నపురాయి ఉంటది."

"నిరుడు లేకుండెనా సున్నపురాయి?"

నేను బీఎస్సీ అని చెప్పాను. మేం ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ భాషే. తెలుగులో రాస్తే ఆమె మాట కొంచెం మెత్తబడింది.

జనవరి 13

టిఫిన్ సంచిలో ఒక సీసా పెట్టింది. చెలమ నీళ్లు. ఆఫీసులో క్యాన్ నీళ్లుంటాయని తెలుసు. అయినా పెట్టింది.

జనవరి 17

తొట్ల సంగతి అడిగాను. జేసీబీ వచ్చాక తవ్విద్దామన్నారు సారు. జేసీబీ ఎప్పుడొస్తుందంటే, వేరే పని ఉన్నప్పుడు అన్నారు.

మోటారు పొద్దున ఏడింటికి వేస్తున్నాం, సాయంత్రం నాలుగింటికి ఆపుతున్నాం. నీళ్లు వాగులోకే పోతున్నాయి. ఇంకెక్కడికి పోతాయి.

జనవరి 18

ఈరోజు కూడా సీసా.

జనవరి 22

చెట్లతో చిక్కొచ్చింది. నర్సరీలో దొరికేవి మోకాలెత్తు. నిరుడు నాటిన చెట్లు ఈపాటికి మనిషెత్తు ఉండాలి కదా. నిరుటి ఉత్తరం రాసిందీ నేనే. "నాలుగు వందల మొక్కలు ఏపుగా పెరుగుతున్నవి" అని రాశాను. "ఏపుగా" అవసరం లేదు. రాసేటప్పుడు బాగుందనిపించింది.

ట్రాక్టర్ డ్రైవర్ తిరుపతి ఉపాయం చెప్పాడు. మనిషెత్తు కొమ్మలు నరుక్కొచ్చి పాతుదాం, ఒక్క పొద్దు నిలబడితే చాలు కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాను.

జనవరి 23

ఆలోచించాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

రెండు ట్రాక్టర్ల కొమ్మలు వచ్చాయి. గునపంతో గుంతలు చేసి వరసగా పాతించాం. రోడ్డు మీంచి చూస్తే నిజంగా తోటలాగే ఉంది. వేప, కానుగ, ఇంకా ఏవేవో. ఏ చెట్టువో చూడలేదు. గుబురుగా ఉన్నవి తెమ్మన్నాను, గుబురుగా ఉన్నవే తెచ్చాడు.

ఫిబ్రవరి 5

ఇన్‌స్పెక్షన్ ఎల్లుండికి మారింది.

ఫిబ్రవరి 6

ఆకులు వాడుతున్నాయి. బిందెలతో నీళ్లు పోయించాను. నా సీసా కూడా ఒక కానుగ కొమ్మకు పోశాను. తిరుపతి ట్రాక్టర్ మీంచి చూసి, "సచ్చినోనికి సెలైన్ ఎక్కిచ్చినట్టున్నది సారూ" అన్నాడు. మంచి పనివాడే, నోరే ఎక్కువ.

ఈ మిషన్ పెట్టాక ఇక్కడ నీళ్లు చల్లడం ఇదే మొదటిసారి. ఆ డైరీలో ఆరుసార్లు అని రాశాను, ఇక్కడ ఒకసారి.

ఫిబ్రవరి 7, బుధవారం

అయిపోయింది. వరసగా రాస్తాను.

పొల్యూషన్ ఆఫీసు నుంచి ప్రమీల మేడమ్ పదకొండింటికి జీపులో వచ్చారు. సన్నగా ఉన్నారు, ఎక్కువ మాట్లాడరు. చెట్లను దూరం నుంచి చూసి తలూపారు. ఆ తలూపడంతో సగం గండం గట్టెక్కిందనుకున్నాను. అప్పుడే గుంపు నుంచి పోతయ్య తాత వచ్చాడు, వెనకాల అయిదుగురు ఆడవాళ్లు. పోతయ్య గుంపుకి పెద్ద. మా నాయన దేవ్లాకు కూడా తెలిసినవాడు. ఇవ్వాళ ఇన్‌స్పెక్షన్ అని వాళ్లకెవరు చెప్పారో తెలియదు.

ఆయన మేడమ్‌తో మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. చెట్ల వరస వెంట నడిచాడు. ఒక కొమ్మ దగ్గర ఆగి, పీకి, నేల మీద పడుకోబెట్టాడు.

"ఇది నాగక్కది" అన్నాడు. "వాగొడ్డున బండకాడి ఇప్పచెట్టు. ఈ బొడిపె సూడు, ఎలుగ్గొడ్డు పువ్వుకోసం ఎక్కినప్పుడు గోర్లు దిగినయ్."

ఇంకో పది అడుగులు వేసి ఇంకోటి పీకాడు. "ఇది మా అన్నది." ఇంకోటి. "ఇది నాదే."

మేడమ్ నన్నడిగారు, ఆయనేం చేస్తున్నాడని. చెప్పాల్సి వచ్చింది. అడవిలో ఉన్నా సరే, ప్రతి ఇప్పచెట్టూ గుంపులో ఒక ఇంటిది. తాతల నాటి నుంచి ఏ చెట్టు పువ్వు ఏ ఇల్లు ఏరుకోవాలో వాళ్లకు తెలుసు. చెట్టును కొమ్మ చూసి గుర్తుపడతారు, మనం మన మేకను గుర్తుపట్టినట్టు. ఇప్పను గొడ్డలితో ముట్టుకోరు. ఇంత వివరంగా చెప్పాక, నేను చెప్తున్నది ఎవరికి వ్యతిరేకమో గుర్తొచ్చింది.

"అంటే ఇవి కొమ్మలా?" అన్నారు మేడమ్.

నేను జవాబు ఆలోచించేలోపు ఆమె పక్కనున్న వేపను రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. వచ్చేసింది.

పోతయ్య చివరిదాకా నడిచాడు. వేపనీ కానుగనీ ముట్టలేదు. ఇప్పవి ముప్పై ఒకటి. అన్నీ పక్కపక్కన పడుకోబెట్టి, ఆడవాళ్లు తలో నాలుగూ ఎత్తుకుంటే, మిగతావి తానెత్తుకుని వెళ్లిపోయాడు. పాడె మోసినట్టు మోశారు.

తర్వాత మేడమ్ రిజిస్టర్ అడిగారు. చూశారు. బయటికొచ్చి ట్యాంకర్ చూశారు.

"రోజుకు ఆరుసార్లు తిరిగేది ఇదేనా?"

"అవునండి."

"ఇటుకలతోనేనా?"

వాగు ఒడ్డున మోటారు పైపు కూడా చూశారు. మార్చి పదహారున ఖమ్మంలో హియరింగ్, ఓనరూ బాధ్యుడూ రిజిస్టర్ తీసుకుని రావాలని కాగితం ఇచ్చి వెళ్లారు.

ఫిబ్రవరి 8

సారు తిట్టలేదు. "నువ్వేగా ఇన్‌ఛార్జివి" అన్నారు. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

పోతయ్య కబురు పంపితే గుంపుకు వెళ్లాను. ఆయన వాకిట్లో అందరూ కూర్చున్నారు. నాకు మంచం వేయలేదు, నేలమీద కూర్చున్నాను.

"గొడ్డలి వట్టింది తిరుపతి తాతా" అన్నాను.

"తెమ్మన్నది ఎవలు?"

"ఇప్పకొమ్మలే తెమ్మని నేను అనలే."

"వొద్దన్నవా?"

ఇలాంటి ప్రశ్నలకు నోటీసులో జవాబులుండవు.

"మీ నాయిన దేవ్లా ఈ అడివిల గొడ్లు మేపిండు" అన్నాడు పోతయ్య. "ఎండకు మా చెట్ల కిందనే పండుకునేటోడు. ఒక్క ఆకు తెంపలే. పువ్వు రాలే నెల ముంగట కొమ్మ నరికితే ఆ ఇంటోళ్లు ఏమేరుకోవాలె?"

తీర్పు చెప్పారు. కొమ్మకో పొద్దు. ముప్పై ఒక్క పొద్దులు నేను వాగులో గుంపు చెలమలు తియ్యాలి. కూలీని పెట్టకూడదు. లెక్క నాగక్క చూస్తుంది. ఆమె చెట్టువే తొమ్మిది కొమ్మలు.

నేను డిగ్రీ చదివినవాణ్ని, ఉద్యోగస్తుణ్ని, ఎల్లుండి నుంచి ఇసుక తవ్వాలి. సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అక్కడ కాదనడానికి వీలైన మూల ఒక్కటి కూడా కనిపించలేదు.

ఫిబ్రవరి 17

సారు సంతోషించారు. "మంచిదేనయ్యా. 'గ్రామ ప్రజలకు మంచినీటి సేవ' అని హియరింగ్‌లో పెడదాం. ఫోటో తీయించు."

ఫిబ్రవరి 18, ఆదివారం

మొదటి పొద్దు.

ఇసుక మోకాలు లోతు తీయాలి. నీళ్లు ఊరేదాకా ఆగాలి. ఊరినవి తోడి పారబోయాలి, మళ్లీ ఊరాలి. నాగక్క చెప్పిందేమిటంటే, నిరుడైతే ఒకసారి పారబోస్తే సరిపోయేదట. ఇవ్వాళ ఆరుసార్లు పారబోశాను. ఏడోసారికి కడవలో పోసుకోనిచ్చింది, అవి కూడా పైట మడత పెట్టి వడగట్టి. ఇసుక మీద తెల్లటి పొడి మెత్తగా పేడు కట్టి ఉంది. చెయ్యి పెట్టి చూశాను, మణికట్టు దాకా దిగింది. సున్నపురాయి కాదు.

నాగక్కకు అరవై ఉంటాయి. బండ మీద కూర్చుని చూస్తుంది. అయిపోయాక నడుముకున్న నారతాడు తీసి ఒక ముడి వేసింది. ఫోటో కోసం నవ్వమన్నాను. నవ్వలేదు. ఫోటోలో నేనొక్కణ్నే నవ్వుతున్నాను.

ఫిబ్రవరి 19

ఆరుసార్లు తోడాను. చేతులకు బొబ్బలు.

ఆ డైరీలో కూడా ఆరుసార్లే. ఈ రెండు ఆరులూ ఒకటి కాదు.

ఫిబ్రవరి 20

ఆరుసార్లు.

ఫిబ్రవరి 24

పొద్దున ఇక్కడ, తర్వాత మిషన్ దగ్గర. ఆ డైరీ రాయడానికి తీరిక ఉండటం లేదు. కూర్చుని మార్చి నెలాఖరు దాకా ఒకేసారి రాసేశాను. పని తెమిలింది.

ఫిబ్రవరి 27

రేపు ఖమ్మంలో వకీలు దగ్గరికి వెళ్లాలి. నాగక్కను అడిగాను.

"రేపటి ముడి ఇయ్యాల్నే ఎయ్యరాదు నాగక్కా."

"రేపు ఇంకా రాలే గద బిడ్డా."

"ఎల్లుండి రెండు చెలమలు ఎక్కువ తీస్త."

"తియ్యి. దానికి ఎల్లుండి ముడే పడ్తది."

చదువులేని వాళ్లతో ఇదే ఇబ్బంది. సర్దుబాటు తెలియదు.

ఫిబ్రవరి 28

వకీలు చెప్పమన్నది: ట్యాంకర్ మొన్ననే చెడిపోయింది, చెట్లు నిరుటి ఎండకు చచ్చాయి, తొట్ల పని టెండర్లో ఉంది. మూడుసార్లు చెప్పించుకుని విన్నాడు. మూడోసారికి నాకే నమ్మకం కలిగింది.

మార్చి 3

ఇవ్వాళ లేటయింది, ఎనిమిదింటికి వాగులో ఉన్నాను. కళ్లముందే పైనుంచి తెల్లనీళ్లు వచ్చి, ఇసుక మీంచి పాక్కుంటూ నేను తీసిన చెలమలోకి దిగాయి. గంట పని. నాగక్క నా వైపు చూడలేదు, వాగు పైవైపు చూసింది.

మోటారు ఏడింటికి వేయమని చీటీ రాసేది నేను.

మార్చి 5

నిన్నటి నుంచి మోటారు పదకొండింటికి మార్చాను. కారణం: కరెంటు కోత. తెల్లారేసరికి చెలమలో నీళ్లు కాస్త తేరుకున్నాయి. నాలుగుసార్లతో సరిపోయింది.

మార్చి 7

గుంత నిండి రాయి తీయడం ఆగింది. సారు వచ్చి అడిగారు. మళ్లీ ఏడింటికి.

చీటీ నేనే రాశాను.

మార్చి 8

ఆరుసార్లు.

మార్చి 10, శనివారం

ఇప్పపువ్వు రాలుతోంది. వాగు ఒడ్డంతా తియ్యటి వాసన. తెల్లవారేసరికే గుంపు ఆడవాళ్లు చెట్ల కింద ఊడ్చి, బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. నాగక్క కూడా తన బండకాడి చెట్టు కింద ఏరుతోంది. సగం దూరమే కదులుతోంది. రెండో సగం కింద నేల బోసిగా ఉంది. పైన కొమ్మలు లేవు కాబట్టి.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఫిబ్రవరి 4న ఏ చెట్టువో చూడలేదని రాశాను. చూశాను. ట్రాక్టర్ మీంచి దించుతున్నప్పుడే చూశాను. ఇప్పాకు తెలియకుండా ఈ అడివిలో పుట్టినవాడు ఎవడూ ఉండడు. తిరుపతి కూడా నా మొహం చూశాడు. నేను "తొందరగా పాతండి" అన్నాను.

సిగ్గేస్తోంది. రాస్తే తగ్గుతుందనుకున్నాను.

నాగక్క దోసెడు పువ్వు నా రుమాలులో పోసింది. వద్దన్నాను. "నీకు గాదు, జమ్లికి" అంది. జమ్లి పేరు ఆమెకెలా తెలుసో.

మార్చి 14

జమ్లిని అడిగాను.

"ఇన్‌స్పెక్షన్ సంగతి గుంపోళ్లకు నువ్వే చెప్పినవా?"

"అవ్."

"నీకెవరు చెప్పిన్రు?"

"నీ పుస్తకంల సదివిన. ఫిబ్రవరి అయిదు అని రాసుకున్నవ్. మల్ల ఎల్లుండికి మారింది అని రాసినవ్." పొయ్యి ఊదుతూ అంది. "నువ్వు చెప్తవని ఇరవై రోజులు నీళ్ల సీసా వెట్టిన. నువ్వేమో దాన్ని కొమ్మకు పోసినవ్."

ఆమె అయిదో తరగతి చదివిందని మర్చిపోయాను. కాబట్టి ఇది నాకోసమే రాసుకుంటున్న డైరీ కాదు. ఇకమీద జాగ్రత్తగా రాయాలి.

జమ్లికి పెద్ద విషయాలు అర్థం కావని జనవరి 8న రాసింది కూడా చదివే ఉంటుంది. ఆ సంగతి ఎత్తలేదు.

మార్చి 15

ఇరవై అయిదో ముడి. రేపు రానని చెప్పాను. నాగక్క సరే అంది. ఈసారి నేను ముడి అడగలేదు.

మార్చి 16, శుక్రవారం

ఆరింటి బస్సు. వైరా దగ్గర బస్సు ఆగితే రిజర్వాయర్ నీళ్లు చూస్తూ టీ తాగాను. అంత నీళ్లు, నీలంగా. వకీలు మాటలు ఇంకోసారి చెప్పుకున్నాను. ట్యాంకర్ మొన్ననే, చెట్లు ఎండకు, తొట్లు టెండర్లో. నోటికి వచ్చేశాయి.

బల్లకు అటువైపు ప్రమీల మేడమ్, ఇంకో పెద్దాయన. ఇటు బసవపున్నయ్య గారు, వకీలు, నేను. మంచినీటి సేవ ఫోటో ఇచ్చాం. మేడమ్ చాలాసేపు చూశారు. "ఈ పెద్దావిడ ఎందుకు నవ్వడం లేదు" అని అడిగారు. వకీలు "అలవాటు లేదండి" అన్నాడు.

తర్వాత నీళ్లు చల్లిన డైరీ తీసుకున్నారు. పేజీలు తిప్పారు. ఇవ్వాళ్టి పేజీ దగ్గర ఆగారు. ఇంకోటి తిప్పారు. ఇంకోటి. డైరీని నావైపు తిప్పి, మార్చి 17 మీద వేలుపెట్టారు.

"రేపు కూడా ఆరుసార్లు చల్లారా?"

వకీలు దగ్గాడు. ట్యాంకర్ మొన్ననే, అని మొదలుపెట్టాలి నేను. నోట్లోకి వచ్చిందది కాదు.

"రేపు ఇంకా రాలేదు మేడమ్" అన్నాను.

ఆ మాట అన్నాక మిగతాది సులువైంది. ఒక్కరోజు కూడా చల్లలేదని చెప్పాను. చెట్లు ఎప్పుడూ నాటలేదు. తొట్లు తవ్వలేదు. మోటారు ఏడు నుంచి నాలుగు దాకా, నీళ్లు నేరుగా వాగులోకి, పేడు మణికట్టు లోతు, కిందున్న గుంపూ తండా అవే తాగుతున్నాయి, అందులో మా ఇల్లు కూడా ఉంది. పెద్దాయన అడిగారు, ఇవన్నీ ఎవరు రాయమంటే రాశావని. సారు టేబుల్ మీద గీతలు చూస్తున్నారు.

"రాసింది నేనండి" అన్నాను. వొద్దన్నావా అని ఎవరూ అడగలేదు, అందుకని చెప్పలేదు.

తొట్లు కట్టి చూపించేదాకా మిషన్ బంద్. మోటారుకు సీలు. ఆర్డర్ అక్కడే టైపు చేయించి ఇచ్చారు.

బయట సారు కారు తలుపు తీసి పట్టుకుని కాసేపు నిలబడ్డారు. నన్ను ఎక్కమంటారేమో అనుకున్నాను. "నీకు బస్సుంది కదా" అన్నారు.

ఉంది.

మార్చి 17

రేకు ఊడదీసి నా చేతికే ఇచ్చారు. ఇంటికి తెచ్చాను. జమ్లి కాసేపు చూసి, నీళ్లకుండ మీద మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

మార్చి 18

ఇరవై ఏడో ముడి. పైనుంచి ఏమీ రాలేదు. నాలుగుసార్లు.

మార్చి 19

తిరుపతి ఇంటికొచ్చాడు. మిషన్ మీద ఇరవై రెండు కుటుంబాలు బతుకుతున్నాయి. "నువ్వు నిజం చెప్పినవ్ సారూ, మంచిదే. నా పొయ్యిల పిల్లి లేవలే. మేం యాడికి బోవాలె?" అన్నాడు. ఇల్లందులో బొగ్గు లారీ పని ఏదో ఉందట, అడుగుతానన్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇప్పాకు జూసి నేను గూడ ఊకున్న" అన్నాడు. టీ తాగి వెళ్లాడు.

మార్చి 20

మూడుసార్లు.

మార్చి 21

పైన జేసీబీ చప్పుడు. తొట్లు తవ్విస్తున్నారు. నెలలో మిషన్ మళ్లీ నడుస్తుందట. కొత్త ఇన్‌ఛార్జ్ వస్తాడు, కెమిస్ట్రీ అట. తిరుపతికి కబురు పోయింది. నాకు పోలేదు, పోదు. అయినా ఆ చప్పుడు బాగుంది వినడానికి. రెండుసార్లు తోడాను.

మార్చి 22, గురువారం

ముప్పై ఒకటో పొద్దు. రెండుసార్లు తోడాను. నాగక్క ముడి వేసి, తాడు నడుముకు కట్టుకోలేదు. నా చేతిలో పెట్టింది. మొదటి కడవ ముంచి, ముందు నన్నే తాగమంది. తాగాను. ఇసుక రుచి.

ఇంటికొచ్చి ముడులు చూశాను. ముప్పై ఒకటి సరిగ్గా ఉన్నాయి. పది ముడులయ్యాక బెత్తెడు తాడు ఖాళీగా ఉంది. ఇరవై అయిదు తర్వాత ఇంకో బెత్తెడు. మొదట లెక్క తప్పిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఫిబ్రవరి 28, మార్చి 16. నేను వెళ్లని రోజులు. అవి కూడా ఉంచింది.

పది నెలల రిజిస్టర్ రాశాను నేను, నాలుగు పెన్నులతో. ఒక్క ఖాళీ వదల్లేదు.

తాడు ఈ డైరీకే చుట్టి పెడుతున్నాను. జమ్లీ, చదివినప్పుడు విప్పి, మళ్లీ చుట్టు.

మార్చి 23

ఇవ్వాళ వెళ్లాల్సిన పని లేదు. వెళ్లాను. నాగక్క బండ మీద లేదు, పువ్వేరుకోవడానికి పోయినట్టుంది. ముడి లేదు, చూసేవాళ్లు లేరు. చెలమ తీశాను.

ఒక్కసారి తోడాను. సరిపోయింది.